చెవిరాయి ముందు మా అత్త

మృగశిర కార్తె

ఈ పుస్తకం స్థానికత కార్యాలయంలో హంపయ్య సారు ఇచ్చారు. కార్తెకొకసారి రాసి తెచ్చి చూపించమన్నారు. సముద్రంలో మునిగిన పల్లం నుంచి మెట్టకు వచ్చినవాళ్ళు చెవిరాయి దగ్గర నాలుగు మాటలు మాట్లాడితే చాలట. నేను మాట్లాడడం లేదు కాబట్టి రాయాలి. తెప్పల శిబిరం బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. అక్కడ పాత పుస్తకాలు ఉండేవి. వాటిలో ఉన్నట్టే రాస్తున్నాను.

నా పేరు నూకరత్నం. మా ఆయన మద్దిలేటి గాలిమరల రెక్కలు బాగుచేస్తారు. ఆ పని మీద శిబిరానికి వచ్చినప్పుడు మా పెళ్ళి అయింది. ఇప్పుడు ఆయన ఊరు నల్లమిట్టలో, మా అత్త సుంకులమ్మ ఇంట్లో ఉంటున్నాను.

మా వీధి కొళాయి పక్కన నడుమెత్తు నల్లరాయి ఉంది. అదే చెవిరాయి. దాని నెత్తిన చిన్న చిల్లులు ఉన్నాయి. బొటనవేలు ఆనిస్తే మన వాటా నీళ్ళు వస్తాయి. బిందె నిండేలోగా మనం మాట్లాడినదంతా రాయి వింటుంది. కార్తె ఆఖరి రోజున వేలు ఆనిస్తే రంగు వెలుగుతుంది. మెట్ట మాటకు ఆకుపచ్చ. పల్లం మాటకు పసుపు. వచ్చే ఏడు రోహిణి కార్తె దాటేలోగా నాకు ఆకుపచ్చ రావాలి. రాకపోతే నన్ను మళ్ళీ తెప్పల మీదికి పంపేస్తారు. మా ఆయన నాతో రావచ్చు గాని, వస్తే ఆయన నీటివాటా ఇంకొకరికి పోతుంది. మళ్ళీ ఎక్కి రావడానికి ఉండదు.

హంపయ్య సారు పేరడిగితే చెప్పాను. “గట్టిగా చెప్పు తల్లీ. రాయి సంగతి తర్వాత, నాకే వినపడల్యా” అన్నారు.


పునర్వసు కార్తె

రాసింది సారు ముందు చదివాను. టీ తాగుతూ విన్నారు.

“ఇది పుస్తకాల భాష. దీనికి ఊరు ల్యా. రాయి దీన్ని లెక్కలోకి తీసుకోదు. నువ్వు నోరు తెర్సల్ల” అన్నారు. అయినా ముద్ర వేశారు.

కార్తె ఆఖరున వేలు ఆనిస్తే నాకు ఏ రంగూ వెలగలేదు. మాట చాలనప్పుడు అలా అవుతుందట. మా అత్తకు ఆకుపచ్చ వెలిగింది. ఆకు మీద ఎండ పడినట్టు నిండుగా వెలిగింది. చూడమని నన్ను జబ్బ పట్టుకొని ముందుకు లాగింది.

“ఈ రాయికి మాట నేర్పిచ్చింది మేమే. పెండ్లయిన కొత్తలో నన్నూ ఇంగ కొందరిని కూర్చోబెట్టి దినమంతా మాట్లాడిచ్చుకున్యారు. నా గొంతు గూడా దాంట్లో ఉండాది” అన్నది.

రాయి పెట్టాలా వద్దా అని ఊరంతా చేరినప్పుడు మొదట చెయ్యెత్తింది కూడా మా అత్తేనట. కాగితాలు ఎవరైనా పుట్టిస్తారు, నాలుకను పుట్టించలేరు అని అప్పుడు అందరూ అనుకున్నారట.

ఇంట్లో నేను మాట్లాడతాను. వీధిలోకి వస్తే గొంతు రాదు. అది అత్తకు వింతగా ఉంది. నేను ఇంట్లో అన్న మాటలు ఆమె కొళాయి దగ్గర చెప్పి నవ్విస్తుంది. ఇవాళ పక్కింటి ఈరమ్మ ముందు చెప్పింది.

“మా కోడలు పొద్దున ఏమన్నాదో తెల్సునా? ‘ఎసరు మరుగుతందండి, బియ్యం ఏసీమంటారేటండి?’ అన్నాది.”

“బియ్యానికి గూడా అండి తగిలిస్తాదేమో” అన్నది ఈరమ్మ.

“తగిలియ్యకుండ ఉంటాదా. బియ్యమండిగారు.”

అందరూ నవ్వారు. మా అత్త నా గొంతును బాగా అనుకరిస్తుంది. నాకే నేను మాట్లాడినట్టు అనిపించింది. నేను బిందె వైపు చూస్తూ నిలబడ్డాను.


మఖ కార్తె

అత్త నాకు మెట్ట మాట నేర్పుతోంది. పద్ధతి ఆమెదే. ఒక వస్తువు చేతికి తీసుకొని మీ పక్క దీన్ని ఏమంటారని అడుగుతుంది. నేను చెబుతాను. ఆమె దాన్ని అచ్చం నాలాగే పలికి, నవ్వి, తర్వాత మెట్ట మాట చెబుతుంది. వస్తువులు అయిపోయాయి. ఇప్పుడు తిట్లు, పొడుపు కథలు, చేపల పేర్లు. చేపలు ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు. మెట్టలో వాటికి మాటలు లేవు. అయినా అడుగుతుంది.

“సముద్రం మీద కూర్చోని వండుకుంటాంటిరి గదా, పొయ్యి ఊగదా?”

“ఊగదండి. పొయ్యి కింద ఇసక పోస్తాం.”

“ఊగదండి” అన్నది ఆమె, నా గొంతుతోనే. తర్వాత “ఊగదు అనల్ల మే. ఊగదత్తా అను” అన్నది.

ఇక్కడ జొన్నరొట్టె తడతారు. నేను తట్టింది చూసి, “ఇది రొట్టె కాదు మే, మునిగిపోయిన మీ ఊరి పటం” అన్నది. పెనం మీద వేసింది. నలుగురికీ చూపించింది. తరువాత తనే తిన్నది.

ఈరమ్మకు నా మీద కోపం లేదంటుంది. కాని ఆమె చెల్లెలి ఊళ్ళో పల్లం వాళ్ళు ఎక్కువయ్యారట. వాటా తగ్గి చెల్లెలు ఉన్న రెండు గేదెలనూ అమ్ముకున్నదట. “నిన్ను అంటల్యా పాపా. నువ్వొక్కదానివి ఎంత తాగుతావు. నీ ఎనకాల వచ్చేటోళ్ళను చూసి భయం” అన్నది. నేను తల ఊపాను. రాయికి తల ఊపడం వినపడదు.


హస్త కార్తె

వానలు ఈసారి కూడా రాలేదు. మంచు నీళ్ళు పట్టే తెరల కింద తొట్టెలు కడగడం మా వీధి వంతు వచ్చింది. అందరం కలిసి వెళ్ళాము. పని చేస్తూ ఆడవాళ్ళు నా మాట ఆట ఆడారు. ఒకరు “ఎల్లొత్తానండి” అంటే ఇంకొకరు “బేగి రండి” అంటారు. బాగా అన్నవాళ్ళకు చప్పట్లు. మా అత్త అందరినీ ఓడించింది. ఇంటికి వస్తూ దారిలో కూడా ఆపలేదు.

మా ఆయన రెండు కార్తెల తర్వాత పని నుంచి వచ్చారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రాత్రి అన్నం తింటూ, “అమ్మా, బేగి అన్నావు నువ్వు” అన్నారు.

“ఎప్పుడంట్ని?”

“ఇప్పుడే. పప్పు బేగి పొయ్యి అన్నావు.”

“ఎగతాళికి అన్నాలే” అన్నది.

ఆ సమయంలో ఎగతాళి చేయడానికి ఎవరూ లేరు. నేను అక్కడే ఉన్నాను గాని, ఆమె నా వైపు చూడను కూడా లేదు.


విశాఖ కార్తె

నాకు రంగు వచ్చింది. పసుపే, కాని అంచులో ఆకుపచ్చ కదిలింది. “పొద్దుతిరుగుడు పువ్వు మాదిరి ఉండావు” అన్నది అత్త. సంతోషించింది. తరువాత ఆమె వేలు ఆనించింది.

పసుపు వెలిగింది.

అత్త వేలు కొంగుతో తుడుచుకొని మళ్ళీ ఆనించింది. మళ్ళీ పసుపే.

“రాయికి జరమొచ్చినట్టుండాది” అన్నది. అప్పుడు అందరూ నవ్వారు.


మూల కార్తె

కార్యాలయం నుంచి రాయి బాగుచేసే అతను వచ్చాడు. మూత విప్పి చూశాడు. లోపల ఏమీ చెడలేదన్నాడు. మా అత్త అతన్ని వదలలేదు.

“నేను ఎగతాళికి అన్న మాటలు గూడా లెక్కేస్తాదా ఇది?”

“ఏది అంటే అది లెక్కేస్తాదమ్మా. నవ్వుతా అన్న్యారా ఏడుస్తా అన్న్యారా దానికి తెల్దు.”

“మనిషి మొగం చూస్తే తెలిసిపోతాది గదప్పా.”

“దానికి కండ్లు ల్యావు. చెవి ఒగటే.”

అతను మూత పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి కొళాయి దగ్గర ఎవరూ ఆ ఆట ఆడడం లేదు. ఇంకా చెప్పాలంటే ఎవరూ మాట్లాడడమే లేదు. ఈరమ్మ ఆకుపచ్చ కూడా పలచబడింది. వచ్చి, వేలు ఆనించి, నీళ్ళు పట్టుకొని, మూతి బిగించుకొని పోతున్నారు. నేను ఒక్కదాన్ని మాట్లాడాలి కాబట్టి మాట్లాడుతున్నాను. “ఎండ ఎక్కువగా ఉండాది. రొట్టెలు చేసినా. బట్టలు ఉతకల్ల.” ఎవరూ బదులు చెప్పరు.

వీధి చివర ఒకామె నన్ను గడువు దాకా ఆగకుండా ముందే పంపేయాలని కార్యాలయంలో చెప్పిందట. అంటుకునే జబ్బు ఉన్నవాళ్ళను ఊరి బయట పెట్టరా అని అడిగిందట. ఈరమ్మ ఈ మాట నాకు చెప్పి, “నేను అనల్యా” అన్నది.


శ్రవణం కార్తె

వరసగా ఆరు కార్తెలు పసుపు వస్తే, పుట్టింది ఎక్కడైనా సరే, పల్లం నుంచి వచ్చిన మనిషి కిందే లెక్క. ఆ నియమం మొదటి నుంచీ ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ అవసరం పడలేదు. మా అత్తకు ఆరూ అయ్యాయి. రేవతి కార్తెలో విచారణకు రమ్మని మనిషి వచ్చి చెప్పి వెళ్ళాడు.

అత్త ఇప్పుడు జాగ్రత్తగా మాట్లాడుతోంది. మాటకు ముందు ఆగి, నోట్లో చూసుకొని, బయటికి తీస్తుంది. ఆమె మాట అలా ఎప్పుడూ ఉండేది కాదు. నిన్న పాలు పొంగాయి. “బేగి దించు” అని అరిచింది. అరిచి, చేతిలో గరిటె కింద పెట్టి, గోడకు ఆనుకొని కూర్చున్నది.

కాసేపటికి, “నువ్వు నాతో మాట్లాడొద్దు మే. నీ మాట నా చెవిన పడొద్దు” అన్నది.

అది నిజమే, మంచి ఆలోచనే. నేను మాట్లాడడం మానేశాను. ఆమె ఒక గదిలో, నేను ఒక గదిలో పని చేసుకుంటున్నాము. ఉప్పు కావాలంటే చెయ్యి చూపిస్తుంది. నేను వీధిలోకి వెళ్ళి మెట్ట మాట మాట్లాడి, ఇంటికి వచ్చి ఊరుకుంటున్నాను. ముందు ఇది తలకిందులుగా ఉండేది.

శిబిరంలో అలల చప్పుడు ఆగేది కాదు. ఇంత నిశ్శబ్దమైన ఇంట్లో నేను ఎప్పుడూ ఉండలేదు.


రేవతి కార్తె

విచారణకు నేనూ మా ఆయనా తోడు వెళ్ళాము. ఈరమ్మ కూడా వచ్చింది. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు.

హంపయ్య సారు మా అత్తను అక్కా అని పిలిచారు. ఆయన చిన్నప్పుడు ఆమె చేతి రొట్టె తిన్నారట. కుర్చీ వేయించారు.

“ఏం లేదక్కా. కొలత గొంతు ఒగటి వినిపిస్తాను. అది వినుకోని దాని మాదిరి కొంచెంసేపు మాట్లాడు. సరిపోతే ఈడికి ఈడే అయిపోతాది.”

పెట్టెలోంచి ఒక ఆడగొంతు వచ్చింది. చిన్నవయసు గొంతు. బావిలో చేద జారిపోయిన సంగతి చెబుతోంది. చేద ఎవరు జారవిడిచారో, అత్తగారు ఏమని తిట్టిందో, మొగుడు తీయడానికి దిగి ఎలా ఇరుక్కున్నాడో ఆగకుండా చెబుతోంది. మధ్యలో తనే నవ్వుతోంది. మేము కూడా నవ్వాము. మా అత్త కూడా నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

“పిల్ల బాగా మాట్లాడ్తాంది. ఎవురి పిల్ల?” అన్నది.

సారు పెట్టె మీద అంటించిన చీటీ చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“నువ్వే అక్కా” అన్నారు.

అత్త పెట్టె వైపు చూసింది. ఇంకోసారి వినిపించమన్నది. వినిపించారు. ఈసారి నవ్వలేదు. చేద కథ అయిపోయాక, “ఆ చేద తీసేదానికి దిగింది ఈని నాయినే” అని మా ఆయన్ను చూపించింది. మా మామ చనిపోయి చాలా ఏళ్ళయింది.

తర్వాత ఆమెను మాట్లాడమన్నారు. అదే కథ చెప్పమన్నారు. చెప్పింది. బావి, చేద, తిట్లు అన్నీ వచ్చాయి. కాని కథ వేరే మనిషి చెప్పినట్టు ఉంది. నా మాటలు అక్కడక్కడా ఉన్నాయి. ఆమెకు తెలియడం లేదు. నాకు ఒక్కొక్కటీ తెలుస్తోంది.

పసుపు వెలిగింది.

సారు నియమం చదివి చెప్పారు. ఇంట్లో ఆకుపచ్చ ఉన్న మనిషి ఎవరైనా పూచీ పడితే, ఏడాది గడువు ఇస్తారు. ఆ ఏడాదిలో పూచీదారు ఆమెకు మెట్ట మాట నేర్పాలి. ఏడాది చివర పసుపే ఉంటే ఇద్దరూ దిగిపోవాలి. పూచీదారు ఎవరూ లేకపోతే ఆమె ఈ రోహిణికే దిగాలి.

“నేనుంటా” అన్నారు మా ఆయన.

“కన్నబిడ్డ పూచీ చెల్లదప్పా. రక్తం అబద్ధం చెప్పిస్తాదని అప్పుడు ఊరే ఈ నియమం రాయిచ్చింది.”

“నేనే చెయ్యెత్తినా” అన్నది మా అత్త.


కృత్తిక కార్తె

నాకు ఆకుపచ్చ వచ్చింది. అంచుల్లో కూడా పసుపు లేదు. వీధిలో ఇప్పుడు అంత నిండుగా ఎవరికీ లేదని ఈరమ్మ అన్నది. వాళ్ళంతా మాట్లాడడం మానేశారు కాబట్టి రాయి దగ్గర నా మాటే ఎక్కువగా ఉందేమో.

రోహిణి దాకా కూడా ఆగనక్కరలేదని, నేను ఈ ఊరి మనిషినేనని హంపయ్య సారు చెప్పారు. పుస్తకం కూడా వచ్చే కార్తెతో ఆపేయవచ్చన్నారు. ఇంతకాలం రాసింది మీరు చదివారా అని అడిగాను. ఆయనను నేను సొంతంగా అడిగిన మొదటి మాట అదే. “మొదటి పేజీ చదివినా. చేతిరాత బాగుండాది” అన్నారు.

ఈరమ్మ ఇంటికి వచ్చి నన్ను పెరట్లోకి పిలిచింది.

“పూచీ పడతావా?”

నేను తీగ మీద ఆరిన బట్టలు తీస్తూ ఉన్నాను.

“ముసిలిదానికి ఈ వయసులో నాలిక తిరగదు పాపా. ఏడాదికి ఇద్దరూ పోతారు. ఇప్పుడు ఆమె ఒగతే పోతే మీ ఆయప్ప పని మీద పోయినప్పుడు చూసొస్తాడు. ఇల్లు నిలబడ్తాది. నేను చెడ్డదాన్నని కాదు చెప్పేది.”

ఆమె చెడ్డది కాదు. లెక్క సరిగానే ఉంది. నేను తెప్పల మీద పుట్టాను. ఊగే తెప్ప మీద వండగలను. మా అత్తకు ఈత రాదు. ఆమె సముద్రం చూడలేదు. ఆమెకు తెలిసింది చేపల పేర్లే.

ఆ రోజు మేము ముగ్గురం ఒకచోట కూర్చొని తిన్నాము. అత్త మౌనం మాని, “నాకోసం ఏమీ చెయ్యొద్దు మే. నిన్ను నేను ఎగతాళి చేసినా. దాని ఫలం నాకే రానీ” అన్నది. మా ఆయన పళ్ళెం వైపు చూశారు.

“రొట్టె ఇంకోటి ఎయ్యమంటారాండీ” అన్నాను.

శ్రవణం నుంచి ఆమెతో నేను అన్న మొదటి మాట అది. నా పాత మాటలో అన్నాను. ఆమె పళ్ళెం ముందుకు జరిపింది.


రోహిణి కార్తె

నిన్న కార్యాలయానికి వెళ్ళి పూచీ వేలిముద్ర వేశాను. హంపయ్య సారు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అవునని గట్టిగానే చెప్పాను. మా అత్త బయట మెట్ల మీద కూర్చొని ఉంది. లోపలికి రానన్నది.

నియమం ప్రకారం ఆమె కూడా పుస్తకం రాయాలి. ఆమెకు చదువు లేదు. ఆమె చెబుతుంటే పూచీదారు రాయవచ్చట. సారు కొత్త పుస్తకం నా చేతికి ఇచ్చారు. కార్యాలయం మనిషి అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి చూస్తాడన్నారు. ఈ పుస్తకంలో ఇదే ఆఖరి పేజీ. దీన్ని ఇవాళ ఇచ్చేయాలి.

ఇవాళ పొద్దున పాఠం మొదలుపెట్టాము. పాఠం రాయి దగ్గరే జరగాలి. కొంతసేపు ఇద్దరం బిందె నిండడం చూశాము. తర్వాత ఈరమ్మ వచ్చింది. ఆమెకు ఇంకా ఆకుపచ్చే ఉంది, ఒక పొర మాత్రం. వేలు ఆనించి నీళ్ళు వదిలి, మూతి బిగించుకొని నిలబడింది. సగం బిందె నిండాక, మా అత్త వైపు తిరిగింది.

“ఏమక్కా, మీ ఇంట్లో ఇయాల కూరేటి?” అన్నది.

నవ్వలేదు. నా మాటలోనే, మామూలుగా అడిగింది. రాయి విన్నది. అత్త కూడా మామూలుగానే చెప్పింది. “ఏటుందమ్మా, వంకాయ.”

ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బిందెలతో వస్తున్నారు. ఈరమ్మ తన బిందె తీసుకోకుండా అక్కడే నిలబడి వాళ్ళను కూడా కూర ఏటని అడిగింది. వాళ్ళు రాయి వైపు చూశారు. ఒకామె చెప్పకుండా వెళ్ళిపోయింది. ఇంకొకామె చెప్పింది.

ఇంటికి వచ్చాక కొత్త పుస్తకం తెరిచాను. పూచీదారుగా నేను అత్తను ఆపి ఉండాలి. ఆపలేదు. ఆ సంగతి ఈ పాత పుస్తకంలో రాస్తున్నాను, చదివితే చదువుతారు.

“ఏం రాయమంటావత్తా?” అని అడిగాను.

గడప మీద కూర్చొని వంకాయలు తరుగుతోంది. తరగడం ఆపింది.

“ఇది నా ఇల్లని రాయి” అన్నది. “ఈ గోడలకు మట్టి తొక్కింది నేనని రాయి. ఆ కార్యాలయం మనిషి చూసేదానికి వస్తే చెప్పులు బయట ఇడ్సి రమ్మని రాయి.”

రాశాను.